గ్లైడర్‌ను తీర్చిదిద్దిన తాడు

వేసవి మధ్యాహ్నం గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ చూస్తుండగానే చుక్కంత అయిపోతుంది. ఎండకు కాగిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, గద్ద ఆ గాలిని వదిలిపెట్టకుండా అందులోనే చుట్లు కొడుతుంది. ఇలా లేచే గాలికే థర్మల్ అని పేరు. ఇంజను సాయం లేకుండా ఎగిరే ఒక చిన్న విమానాన్ని కింద నిలబడి రేడియోతో నడుపుతూ, ఆ గద్ద చేసే పనే దానిచేత చేయించడం ఒక క్రీడ. ఇందులోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఏ గ్లైడర్ కొనాలని. అందుకు ఎప్పటినుంచో వినిపించే జవాబు, రెక్కలు పొడుగ్గా ఉండి బరువు తక్కువున్నది కొనమని. ఆ జవాబులో సగం నిజమే ఉంది. ఈ గ్లైడర్లు గడిచిన యాభై, అరవై ఏళ్లలో మారిన తీరు చూస్తే, వాటి రూపాన్ని గాలిలో తేలే పని కంటే గాలిలోకి ఎక్కించే పద్ధతే ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది. తాడు కట్టి లాగుతామా, చేత్తో విసురుతామా, మోటారుతో ఎక్కిస్తామా అన్నది తేలకుండా గ్లైడర్ ఎంచుకోవడం వెనక్కి నడవడమే అవుతుందని నా వాదన.

తేలికదనం మీద ఈ గురి మనుషులు ఎక్కే గ్లైడర్ల కాలంనాటిది. జర్మనీలోని వాసర్‌కుప్ప కొండ మీద 1920 నుంచి ఏటా పోటీలు జరిగాయి. మొదటి ఏళ్లలో అక్కడివాళ్లకు తెలిసింది కొండవాలుకు తగిలి పైకి మళ్లే గాలి ఒక్కటే. 1926లో మాక్స్ కేగెల్‌ను ఉరుముల మబ్బు ఒకటి లోపలికి లాక్కుని యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో దింపింది. కొండ లేని చోట కూడా గాలి లేస్తుందని అప్పుడు తెలిసింది. తర్వాత ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపే వేరియోమీటర్ వచ్చింది. 1930లో అమెరికాలోని ఎల్మైరాలో వోల్ఫ్ హిర్త్ ఆ పరికరాన్ని చూసుకుంటూ, మబ్బు కూడా లేని ఆకాశంలో చుట్లు తిరుగుతూ ఎక్కి చూపించాడు. ఇదే సమయంలో, కిందికి దిగే వేగం ఎంత తగ్గిస్తే అంత మేలన్న లెక్కతో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ కోసం 30 మీటర్ల రెక్కల ‘ఆస్ట్రియా’ తయారైంది. అంత పొడుగు రెక్కతో ఇరుకు థర్మల్‌లో చిన్న చుట్టు తిరగడం కష్టం. 1932 పోటీల్లో అది మబ్బులో విరిగిపోయింది, క్రోన్‌ఫెల్డ్ పారాచూట్‌తో బయటపడ్డాడు. నెమ్మదిగా దిగే గ్లైడరే మంచి గ్లైడరన్న సూత్రం అప్పుడే ఓసారి ఓడిపోయిందన్నమాట.

మోడల్ గ్లైడర్ల దగ్గరికొస్తే, రేడియో బరువు తగ్గేదాకా ఈ క్రీడకు దారి దొరకలేదు. ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చి, చేతిలోని రేడియో పెట్టె మీది కర్ర ఎంత కదిపితే, గ్లైడర్‌ను పక్కకు తిప్పే తోక పలక రడ్డర్ అంతే కదిలే ఏర్పాటు 1960లలో అందుబాటులోకి వచ్చాక గ్లైడర్లు మైదానాలకు చేరాయి. 1969లో అమెరికాలో లీగ్ ఆఫ్ సైలెంట్ ఫ్లైట్ ఏర్పడి మెట్లు మెట్లుగా పరీక్షలు పెట్టింది. చివరి మెట్టులో థర్మల్‌లోనే రెండు గంటలు నిలబెట్టాలి. అప్పట్లో ఎక్కించే సాధనం హై-స్టార్ట్. సుమారు వంద అడుగుల రబ్బరు గొట్టం ఒక కొస మేకుకు కట్టి, రెండో కొసకు నాలుగు వందల అడుగుల నైలాన్ తాడు ముడివేసి, సాగదీసి వదిలితే గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. రబ్బరు లాగుడు మెత్తన, అందుకే రెక్క కూడా మెత్తనిదైతే సరిపోయింది. లీ రెనాడ్ గీసిన ‘ఒలింపిక్ 2’, కార్ల్ గోల్డ్‌బర్గ్ కంపెనీ ‘జెంటిల్ లేడీ’ ఆ కాలపు బిడ్డలే. బాల్సా చెక్కతో రెక్క అస్థిపంజరం, పైన పలచని ప్లాస్టిక్ పొర, కొసలు పైకి లేచిన రెక్కలు, నడపడానికి రడ్డర్, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ మాత్రమే. నిదానంగా ఎగురుతూ చెయ్యి తీసినా తమంత తామే సర్దుకునే ఈ గ్లైడర్ల మీద వేలమంది నేర్చుకున్నారు. వాటి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు.

ఆ మెత్తదనం వించ్ ముందు నిలవలేదు. తాడును మోటారుతో చుట్టే వించ్ ఉంటే రబ్బరు కంటే ఎన్నో రెట్ల బలంతో లాగొచ్చు. ఎఫ్3బి అనే అంతర్జాతీయ విభాగంలో ఒకే గ్లైడర్ థర్మల్‌లో నిలవాలి, దూరం తిరగాలి, వేగంగానూ పరుగెత్తాలి. దాని మొదటి ప్రపంచ పోటీలు 1977లో దక్షిణాఫ్రికాలో జరిగాయి. బాల్సా రెక్కను వించ్‌తో గట్టిగా లాగితే ఏమవుతుందో రెక్క లోపలికి చూస్తే అర్థమవుతుంది. రెక్క పొడవునా పైన ఒకటి, కింద ఒకటి సన్నని స్ప్రూస్ బద్దలుంటాయి. రెక్క పైకి వంగినప్పుడు పై బద్ద నలుగుతుంది, కింది బద్ద సాగుతుంది. రెండింటి మధ్య గదిగదికీ ఒక చిన్న బాల్సా ముక్క, దాని నారలు నిలువుగా ఉండేలా అంటిస్తారు. ఆ ముక్క ఒక్కటి వదిలేసినా, నార అడ్డంగా పడినా, పై బద్ద అక్కడ మడత పడి రెండు రెక్కలూ చప్పట్లు కొట్టినట్టు కలిసిపోతాయి. అందుకే బద్దల చోటికి కార్బన్ ఫైబర్ వచ్చింది, రెక్కంతా అచ్చుల్లో పోసిన గట్టి పొరైంది, రెక్క వెనక అంచున కదిలే పలకలు ఏలరాన్లు, ఫ్లాపులు చేరాయి. ఎఫ్3జె విభాగంలో 150 మీటర్ల తాడును మనుషులే పట్టుకుని పరుగెడతారు. ఆ లాగుడూ తక్కువది కాదు, అక్కడా కార్బన్ రెక్కే నిలిచింది.

చేతి విసురు కథ మరీ స్పష్టం. మీటరున్నర రెక్కల గ్లైడర్‌ను ఒకప్పుడు ఈటెలా విసిరేవారు. శతాబ్దం మారే రోజుల్లో డిస్కస్ పద్ధతి పట్టుబడింది. రెక్క కొసన చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఒళ్లంతా ఒక చుట్టు తిరిగి వదిలితే గ్లైడర్ అరవై మీటర్లు దాటి ఎగురుతుంది. వదిలిన క్షణంలో అది పక్కవాటుగా తిరగబోతుంది, దాన్ని తోక ఆపాలి. తోక కాడ సన్నని కార్బన్ గొట్టమైందీ, నిలువు తోక అంత బిగువుగా తయారైందీ ఆ ఒక్క క్షణం కోసమే. తర్వాతి నాలుగైదు నిమిషాల తేలుడుకు అంత బలం అక్కర్లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మార్పంతా విజ్ఞానం తెచ్చింది, తాడు తేలేదని అంటారు. 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్క సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతే రెక్క వెడల్పునూ వేగాన్నీ గాలి జిగటతో పోల్చే రేనాల్డ్స్ సంఖ్య దానికి లక్ష చిల్లర. పెద్ద విమానాల రెక్క కోత, అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, అంత చిన్న సంఖ్య దగ్గర సరిగా పనిచేయదని ఎఫ్. డబ్ల్యు. ష్మిట్జ్ 1942 నాటి పుస్తకంలోనే చూపించాడు. 1980ల చివర మైఖేల్ సెలిగ్, మరో ఇద్దరు ప్రిన్స్‌టన్ గాలి సొరంగంలో పదుల కొద్దీ రెక్క కోతలు కొలిచారు, ఎస్‌డి7037 అనే కోత అక్కడి నుంచి వచ్చిందే. ఎంఐటి ఆచార్యుడు మార్క్ డ్రేలా కంప్యూటర్ లెక్కలతో మరింత ముందుకు తీసుకెళ్లాడు. ఇదంతా ఒప్పుకోవలసిందే. కానీ ఆ డ్రేలా గీసిన తేలికైన ‘బబుల్ డాన్సర్’నే చూడండి. దాని కార్బన్ బద్ద మొదట్లో దళసరి, కొసకు పోయేకొద్దీ పలచన. తాడు లాగినప్పుడు రెక్క ఎక్కువగా వంగేది మొదట్లోనే కాబట్టి బలమంతా అక్కడ పెట్టారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎఫ్5జె అనే పోటీ విభాగం ఇస్తుంది. ఇందులో మోటారుతో ఎక్కాలి, 30 సెకన్ల లోపు ఆపేయాలి. ఎక్కిన ప్రతి మీటరుకు అర పాయింటు పోతుంది, 200 మీటర్లు దాటితే మీటరుకు మూడు పోతాయి. దాని మొదటి ప్రపంచ పోటీలు 2019లో స్లొవేకియాలో జరిగాయి. తాడు పోగానే నాలుగు మీటర్ల రెక్కల గ్లైడర్ బరువు కిలోన్నర లోపుకి దిగింది. అదే అచ్చులోంచి తాడు పోటీకి బరువైన రెక్కా, మోటారు పోటీకి తేలిక రెక్కా తీసిన తయారీదారులున్నారు. విజ్ఞానం ఒకటే, కార్బన్ ఒకటే, థర్మల్ ఒకటే. మారింది ఎక్కించే పద్ధతి.

తేలిక పక్షం వాదన కూడా తోసేయదగ్గది కాదు. రెక్క అదే ఉండి బరువు రెట్టింపైతే, అదే ఒరుగుతో తిరిగే చుట్టు వ్యాసం కూడా రెట్టింపవుతుంది. ఇరుకు థర్మల్‌లో దాని అర్థం నడుమనున్న బలమైన గాలిని వదులుకోవడమే. గాలి లేని ఉదయాన తేలిక గ్లైడర్‌దే గెలుపు. అయితే థర్మల్ నిలిచిన చోట ఉండదు, గాలివాటున కొట్టుకుపోతుంది. సెకనుకు 6 మీటర్ల గాలిలో మూడు నిమిషాలు దానితోపాటు తిరిగితే గ్లైడర్ కిలోమీటరు దాటిపోతుంది. సెకనుకు 11 మీటర్లతో ఎదురు రాగలిగినది మూడున్నర నిమిషాల్లో తిరిగొస్తుంది. 7 మీటర్లే దాని శక్తి అయితే పద్దెనిమిది నిమిషాలు కావాలి, అంతసేపు అది గాలిలో ఉండదు. పోటీదారులు గాలి రోజున గ్లైడర్ కడుపులో సీసం, ఇత్తడి కడ్డీలు పెట్టి చేతులారా బరువు పెంచుకునేది ఇందుకే.

కాబట్టి కొనే ముందు మైదానం కొలవండి. తాడు పరచడానికి రెండు వందల మీటర్లు ఖాళీ నేల, పట్టుకోవడానికి తోడు మనిషి ఉంటే హై-స్టార్ట్, రెండు మీటర్ల బాల్సా గ్లైడర్ ఇప్పటికీ మంచి బడి. భుజం బలం, ఫుట్‌బాల్ మైదానమంత చోటు ఉంటే చేత్తో విసిరేది చాలు. ఒంటరిగా ఎగరేసేవాళ్లకు, చుట్టూ ఇళ్లూ తీగలూ ఉన్నవాళ్లకు ముక్కున మోటారు, మడుచుకునే ప్రొపెల్లర్, రడ్డర్, ఎలివేటర్ ఉన్న రెండు మీటర్ల ఫోమ్ గ్లైడర్ సరైనది. అచ్చుల్లో పోసిన నాలుగు మీటర్ల కార్బన్ రెక్కను మొదటి ఏడాదిలో ఎవరూ కొనకూడదు.