డెస్క్‌టాప్ ఐకాన్ల అమరిక

కంప్యూటరు తెరమీద ఫైళ్లకు, ఫోల్డర్లకు, ప్రోగ్రాములకు గుర్తులుగా నిలిచే చిన్న బొమ్మలను ఐకాన్లంటారు. వాటిని పేరు, రకం, పరిమాణం, తేదీలను బట్టి యంత్రం చేత వరుసలో పేర్పించడాన్నీ, వాడుకరి తనకు అనువైన చోట స్వయంగా ఉంచుకోవడాన్నీ కలిపి ఐకాన్ల అమరిక అని వ్యవహరిస్తారు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో తేల్చవలసింది మనిషా, యంత్రమా అన్న పేచీ దీని చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఐకాన్ భావనను ప్రతిపాదించి, ఆ తరువాత జిరాక్స్ సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ కంప్యూటరు రూపకల్పనలో పాల్గొన్నాడు. కార్యాలయపు బల్లను తెరమీదికి తెచ్చిన ఆ యంత్రంలో పత్రాలు, ఫైళ్ల అరలు, తపాలా బుట్టలు ఐకాన్లుగా ఉండేవి; వాటిని ఎక్కడ ఉంచాలన్నది వాడుకరి ఇష్టం. 1984 నాటి ఆపిల్ మెకింటాష్‌కు సూసన్ కేర్ 32 గడుల పొడవు, 32 గడుల వెడల్పు గల చదరంలో నలుపు తెలుపు బొమ్మలు గీసింది. చెదిరిన ఐకాన్లను వరుసలోకి తెచ్చే 'క్లీన్ అప్' ఆదేశం ఆ యంత్రంలోనే ఉంది. అడిగినప్పుడే సర్దడం దాని సుగుణం.

1990లో వచ్చిన విండోస్ 3.0లో 'ఆటో అరేంజ్' అనే సదుపాయం చేరడంతో, దాన్ని ఎంచుకున్న వారి ఐకాన్లను యంత్రమే ఎప్పటికప్పుడు సర్దసాగింది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఐకాన్లను అంతకుముందు అవి ఉండే ప్రోగ్రామ్ మేనేజరు కిటికీలోంచి నేరుగా డెస్క్‌టాప్ మీదికి తెచ్చి, మౌసు కుడి మీట నొక్కితే అమరిక ఆదేశాలు కనబడే ఏర్పాటు చేసింది. అయితే తెర రిజల్యూషన్ తగ్గినప్పుడు, అంటే తెరమీద చూపగల చుక్కల సంఖ్య తగ్గినప్పుడు, వాడుకరి శ్రద్ధగా పేర్చుకున్న వరుసలు చెదిరిపోయేవి. వస్తువు పేరుకన్నా అది ఉన్న చోటును గుర్తుపెట్టుకొని పనిచేసేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

తెలుగునాట ఐకాన్లను పేర్చుకొనే అలవాటు డీటీపీ (కంప్యూటరు అచ్చుకూర్పు) కేంద్రాల ద్వారా, ఆ తరువాత ప్రభుత్వ సేవా కేంద్రాల ద్వారా పట్టణాలకు పాకింది. 2000ల తొలి సంవత్సరాలలో పశ్చిమ గోదావరి జిల్లా మండల కేంద్రాలలో మహిళా పొదుపు సంఘాలు నడిపే ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ కేంద్రాలలో పుటలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఐకాన్లు చేతికి అందేచోట ఉండేవి. అను ఖతులు తెలుగు అక్షరరూపాలను రోమను అక్షరాలకు కేటాయించిన సంకేతాలలోనే దాచుకొనేవి గనుక, ఆ పద్ధతిలో ఫైలుకు తెలుగు పేరు పెడితే ఐకాన్ కింద అర్థంలేని రోమను అక్షరాలు కనబడేవి. అందుచేత పత్రం తెలుగులో ఉన్నా దాని పేరు ఇంగ్లీషు లిపిలోనే ఉండేది, పేరును బట్టి పేర్చినప్పుడు వచ్చే వరుస కూడా ఆ లిపిదే.

ప్రపంచ లిపులన్నింటికీ వేర్వేరు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, విండోస్‌లో తెలుగు లిపికి ఆసరా గౌతమి ఖతితో పాటు 2001 నాటి ఎక్స్‌పీతో గాని రాలేదు. ఐకాన్లను గడులకు అతికించి ఉంచే ఏర్పాటు కూడా ఎక్స్‌పీలో ఉంది. స్వేచ్ఛ సంస్థ వంటివారు లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చాక మెనూలు కూడా తెలుగు మాట్లాడాయి.

2018లో లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 3.28 తన ఫైళ్ల నిర్వాహకంలోంచి డెస్క్‌టాప్ ఐకాన్లను పూర్తిగా తొలగించగా, అదే సంవత్సరం ఆపిల్ వారి మ్యాక్ ఓఎస్ మొహావే ఒకే రకం ఫైళ్లను దొంతరలుగా పేర్చే 'స్టాక్స్' పద్ధతిని ప్రవేశపెట్టింది. రెండింటిలో రెండవదే వాడుకరి పట్ల దయగలది. ఇక తెలుగు పేర్ల విషయానికి వస్తే, ఇంగ్లీషు అమరికలతో నడిచే విండోస్‌లో పేరు వరుస కోరితే అంకెలతో మొదలయ్యే పేర్లు ముందు, రోమను లిపి పేర్లు ఆపైన, తెలుగు పేర్లు వాటి తరువాత వస్తాయి గనుక, తెలుగు ఫైలును ముందుకు తేవాలనుకొనేవారికి పేరుకు ముందు అంకె చేర్చడమే తేలిక మార్గం.