పునరుత్థానం: చారిత్రక ఆధారాలపై సంశయవాదం

యేసు మూడోనాడు లేచాడన్న విశ్వాసానికి చారిత్రక పరీక్షకు నిలిచే రుజువు లేదన్న వాదన ఇది. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున జాన్ క్లౌ మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఈ సీమలోనే హేతువాదమూ వేళ్లూనింది. ఇంకొల్లు దగ్గరి నాగండ్లకు చెందిన రావిపూడి వెంకటాద్రి 1982 నుంచి ‘హేతువాది’ పత్రిక నడిపారు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం (1918)లో పాత పత్రికలు తిరగేసేవారికి సమకాలీన సాక్ష్యం విలువ చెప్పనక్కరలేదు. పునరుత్థానానికి అటువంటిది దొరకదు.

వివరంగా చెప్పే తొలి రాత సాక్ష్యం క్రీ.శ. 50వ దశకంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ. అందులో దర్శనాల జాబితా ఉంది, ఖాళీ సమాధి ఊసు లేదు. సుమారు 70 నాటి మార్కు సువార్త అతి ప్రాచీన ప్రతుల్లో స్త్రీలు భయపడి పారిపోవడంతోనే ముగుస్తుంది. యేసు కనిపించాడని చెప్పే చివరి పన్నెండు వచనాలు తర్వాత చేరినవని అత్యధిక పండితుల అభిప్రాయం. పౌలు ఆ జాబితాను తనకు అందినదిగా చెప్పాడు కాబట్టి అది 30వ దశకం నాటిదేనని విశ్వాసుల జవాబు. కావచ్చు. కానీ దానివల్ల తేలేది నమ్మకం త్వరగా పుట్టిందనే. శిష్యులు ప్రాణాలిచ్చారన్న వాదం ఇంకా బలహీనం: ప్రాణత్యాగం చిత్తశుద్ధిని చూపుతుందే గాని సంఘటనను కాదు. అలాగని పునరుత్థానం జరగలేదని రుజువైపోయిందనడమూ తొందరపాటే. రుజువు భారం మాత్రం జరిగిందనేవారిదే.