సప్తసాగరయాత్ర

కోనసీమలో కొండ లేదు. ఏటిగట్టు పట్టుకొని ఎగువకు నడచి, కొండకొమ్మున సరస్సును గాంచి ప్రొద్దుగూకులోపల మరలివచ్చు భాగ్యమును దైవము ఈ సీమవారికి ప్రసాదింపలేదు. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణమున సముద్రము చుట్టిన యీ త్రికోణభూమిలో ఏ గట్టు వెంట దిగువకు సాగినను బాటసారి తుదకు చేరునది ఉప్పునీటి యంచే. ఆ నడకనే మన పూర్వులు సప్తసాగరయాత్ర యను పేర నొక వ్రతముగా మలచికొనిరి.

గోదావరి కడలిని చేరబోవుచు తుల్య, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ యను ఏడు పాయలయ్యెనని ప్రసిద్ధి. వాని సంగమములన్నింటను స్నానమాడుటయే ఈ యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ చెంతనున్న చొల్లంగిలో తొలి మునుక. మాఘ శుద్ధ ఏకాదశినాడు, అనగా భీష్మైకాదశినాడు, అంతర్వేదిలో కడపటి మునుక. నడుమ దినములన్నియు గట్లపై నడచుటలోను, రేవు రేవునను పడవకై వేచియుండుటలోను గడచెడివి. సంతానము గోరు దంపతులు విశేషముగా నీ యాత్ర చేయుదురని 1907లో వెలువడిన హెమింగ్వే గోదావరి జిల్లా గెజెటీరు పేర్కొన్నది.

అయితే జనుల లెక్క నిలిచినంత స్థిరముగా నదులు నిలువలేదు. ఒకనాటి కౌశిక నేడు పొలముల నడుమ పాఱు కాలువ మాత్రమే. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు ప్రభలను మోయు గంగలకుఱ్ఱువారు ఆ కాలువలోనికి దిగి, రొమ్ములోతు నీటిలో తడబడుచు, ప్రభ యొరుగకుండ భుజములపై నిలిపికొని ఆవలి గట్టెక్కుదురు. మఱి, గన్నవరముకడ 49 ఖానాల అక్విడక్టు క్రిందుగా సాగి ఓడలరేవున కడలి గలియు వైనతేయ నిండు నదియయ్యును ఆ యేడింటిలో చేరదు. వైనతేయుడు వశిష్ఠనుండి కొంత నీటిని దొంగిలించి దానిని గల్పించెనని కథ. లెక్క ముగిసిన పిమ్మట వచ్చిన నదికి దొంగసొమ్మను పేరు దక్కినది గాబోలు! వట్టిపోయిన పాయకు మునుక, పొంగిపొరలు పాయకు నింద: యాత్రికుల పట్టిక నేటి నదులది కాదు, ఏనాటి నదులదో.

అంతర్వేదిలోని నేటి నరసింహాలయమును ఓడల యజమానియైన కొపనాతి కృష్ణమ్మ 1823లో పూర్తిచేయించెను. నీటిమీద బ్రతికినవాడు నీటి చివరనే గుడి కట్టించుట సహజమే. నేడు వారధులమీదుగా కారులో ఈ యాత్రను త్వరలో ముగింపవచ్చును. కాని అంతర్వేది సంగమముకడ నున్న అన్నాచెల్లెళ్ల గట్టును చేరుటకు ఇసుకలో నడువవలసినదే. అచ్చట ఒకవైపున ఏటి మట్టినీరు, వేఱొకవైపున కడలి నీలము. తడిబట్టలతో నిలిచిన ముసలమ్మ యొకతె వ్రేళ్లు మడచుచు ఏడు పేళ్లను లెక్కించును. కౌశికకడ ఆమె వ్రేలు ఆగదు.