ఉతుకు ధర ఎవరు చెప్పారు?

అమెరికాలో బట్టల ఉతుకు గురించి రాసేవాళ్లు చాలామంది ఒకే వరస పట్టుకుంటారు. మొదట ఏటి ఒడ్డు, తర్వాత పెరట్లో తొట్టి, ఆపైన ఆవిరి లాండ్రీ, కరెంటు మెషీన్, చివరికి ఫోనులో యాప్. ఈ వరసలో చూస్తే, 2018 ప్రాంతంలో బాల్టిమోర్ దగ్గర మొదలైన సడ్‌షేర్ (దీని ఇప్పటి పేరు పాప్లిన్) సరికొత్త ఆలోచనలాగే కనిపిస్తుంది. మాసిన బట్టల సంచి గుమ్మం బయట పెడితే చాలు. అదే ఊళ్లో ఉండే ఒకావిడ వచ్చి తీసుకెళ్లి, తన ఇంటి మెషీన్లో ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చిస్తుంది. మన లోదుస్తులు ముక్కూముఖం తెలియని వాళ్ల ఇంటికి పంపడమేమిటని విన్నవాళ్లు వింతపడతారు.

నా పేచీ ఆ వరసతోనే. అమెరికా పట్నాల్లో మాసిన బట్టలు మరొకరి ఇంటికి వెళ్లి ఉతుక్కుని రావడం ఒకటి రెండు తరాల పాటు మామూలు సంగతి. ఆ ఏర్పాటు ఎలా పుట్టిందన్నదాని కంటే, ఎందుకు పలచబడిందన్నదే చరిత్రకారులు సరిగా తేల్చని ప్రశ్న. దాన్ని మెషీన్ ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం వల్లే నేటి యాప్‌ను కూడా సరిగా అంచనా వేయలేకపోతున్నాం.

తొలి దశల గురించి పెద్ద తగాదా లేదు. 1832లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో కలరా వచ్చినప్పుడు కిటీ విల్కిన్సన్ అనే పేదరాలు తన ఇంట్లో నీళ్లు కాగే రాగి బానను ఇరుగుపొరుగుకు వాడుకోనిచ్చింది. ఆ పని నుంచే 1842లో ఆ ఊళ్లో పబ్లిక్ ఉతుకు శాల వచ్చింది. 1846లో ఇలాంటి శాలల కోసం అక్కడ చట్టమూ వచ్చింది. పంచుకోవడం అనే మాట ఎక్కడైనా నిజంగా అతికితే ఇక్కడే అతుకుతుంది. మనవాళ్లకు ఈపాటికి ఊరి చాకలి వృత్తి గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ పోలికకు తొందరపడకూడదు. అక్కడ కులం కట్టుబాటు ఉంది, కళ్లంలో కొలిచే మేర ఉంది, తెలంగాణలో వెట్టి కూడా ఉంది. మూటకింతని ధర పలికే సందు వాళ్లకు దాదాపు లేదు. అమెరికాలో ఆ సందు ఉంది. అది ఎవరి చేతిలో ఉందన్నదే ఈ కథంతా.

1866 జూన్‌లో, బానిసత్వం రద్దయి ఏడాదైనా తిరగకముందే, మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో నల్లజాతి ఉతుకు స్త్రీలు మేయర్‌కు ఒక తీర్మానం పంపారు. రోజు ఉతుకుకు డాలరున్నర, కుటుంబం బట్టలకు నెలకు 15 డాలర్లు, ఒంటరివాళ్లకు 10. ఇంతకు తక్కువకు ఎవరూ చేయకూడదని కట్టు పెట్టుకున్నారు.

అసలు ఘట్టం 1881 వేసవిలో అట్లాంటాలో జరిగింది. ఆ ఊళ్లో కూలికి వెళ్లే నల్లజాతి స్త్రీలందరూ ఇంచుమించు ఇళ్లలో పనిచేసేవాళ్లో ఉతుకు చేసేవాళ్లో. పెళ్లయిన వాళ్లు ఎక్కువగా ఉతుకే ఎంచుకున్నారు. కారణం తేలికే: తెల్లవాళ్ల వంటింట్లో పొద్దస్తమానం నిలబడనక్కర్లేదు. సోమవారం మూటలు తెచ్చుకుని, తమ వాకిట్లో పిల్లల్ని చూసుకుంటూ ఉతికి, శనివారం ఇచ్చి రావచ్చు. చాకిరీ మాత్రం మామూలుది కాదు. బావి నుంచీ పంపు నుంచీ నీళ్లు మోయాలి, బూడిద క్షారంతో సబ్బు వండాలి, గోధుమ తవుడుతో గంజి కాయాలి. బీరు పీపాను అడ్డంగా కోస్తే తొట్టి. ఇంతా చేస్తే నెలకు నాలుగు నుంచి ఎనిమిది డాలర్లు.

జులైలో 20 మంది ఒక చర్చిలో కూడి వాషింగ్ సొసైటీ అని సంఘం పెట్టుకున్నారు. డజను పౌండ్లకు ఒక డాలరు, అందరికీ ఒకే రేటు అన్నారు. ఇంటింటికీ తిరిగి మిగతావాళ్లను కలుపుకున్నారు. కొద్దిమంది తెల్ల స్త్రీలూ చేరారు. మూడు వారాలకు సమ్మెదారులు, వాళ్ల వెనక నిలిచినవాళ్లు కలిసి 3,000 మంది అయ్యారని నాటి పత్రిక రాసింది. అట్లాంటా జనాభా మొత్తం 37 వేల చిల్లర కాబట్టి ఆ అంకెను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. అయితే రాసింది సమ్మె అంటే గిట్టని పత్రిక. పెంచి చెప్పడం దానికి లాభం కాదన్నదీ గమనించాలి. పోలీసులు కొందర్ని పట్టుకెళ్లి జరిమానాలు వేశారు. సంఘంలో చేరిన ప్రతి స్త్రీ ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు రుసుం కట్టాలని నగర కౌన్సిల్లో ప్రతిపాదన వచ్చింది. నెల సంపాదనకు అది మూడు నుంచి ఆరు రెట్లు.

సమ్మె చేసినవాళ్లు మేయర్ జిమ్ ఇంగ్లిష్‌కు పంపిన జవాబే ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నింటికన్నా విలువైన కాగితం. రుసుం కడతాం, 25 కాకపోతే 50 అయినా కడతాం, బదులుగా ఊళ్లో ఉతుకంతా మా అదుపులో ఉండాలి అన్నది దాని సారాంశం. లైసెన్సుతో భయపెడదామనుకుంటే, దాన్నే తమకు గుత్తపత్రంగా మార్చమన్నారు. కౌన్సిల్ చివరికి రుసుం ప్రతిపాదనను వదులుకుంది. కూలి అన్ని ఇళ్లలోనూ పెరిగిందని నేను అనను. ధర మేం చెబుతాం అనే మాట మాత్రం బహిరంగంగా, నలుగురూ కలిసి అన్నారు.

ఇక వివాదమున్న కాలానికి వద్దాం. 1910 జనాభా లెక్కల్లో లాండ్రీల్లో కాక ఇళ్ల నుంచి ఉతికేవాళ్లు ఐదు లక్షల పైచిలుకు ఉన్నారు. 1920 వచ్చేసరికి ఆ సంఖ్య నాలుగు లక్షల లోపుకు దిగింది. వాషింగ్ మెషీన్ వచ్చింది, మూట ఆగిపోయిందని పాత వ్యాఖ్యానం. కానీ 1920లో కరెంటు ఉన్న ఇళ్లు అమెరికాలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. తనంతట తానే ఉతికి పిండే మెషీన్‌ను బెండిక్స్ అమ్మకానికి తెచ్చింది 1937లో. ఫలితం ముందు, కారణం వెనక రావడం కుదరదు కదా.

నా లెక్కకూ ఒక లోపముంది, దాచను. 1910లో స్త్రీల పనిని తప్పక నమోదు చేయమని గణకులకు గట్టిగా చెప్పారు. 1920 లెక్కలు ఏప్రిల్లో కాక జనవరిలో తీశారు. కాబట్టి తగ్గుదలలో కొంత కాగితాల మీదిదే. మొదటి ప్రపంచ యుద్ధం, ఉత్తరాదికి వలసలు కొందరికి వేరే పనులు చూపించాయన్నదీ నిజం. ఇవన్నీ తీసేసినా మిగిలే కారణం ఒకటుంది. మూట వెళ్లే ఇంటి మీద అనుమానం పుట్టించడం. ఆవిరి లాండ్రీల యజమానులు తమ శుభ్రతను చాటుకుంటూ, ఉతుకు స్త్రీల ఇళ్లు రోగాల పుట్టలని ప్రచారం చేశారు. క్షయ భయం పెరిగిన అట్లాంటాలో ఈ స్త్రీలను నమోదు చేయాలనీ, ఇళ్లు తనిఖీ చేయాలనీ మళ్లీ మళ్లీ వాదనలు లేచాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇలాంటి ఆయుధాన్నే అంతకుముందు చైనీయుల మీద వాడారు. చెక్క భవనాల్లోని లాండ్రీలకు అనుమతి తప్పనిసరి చేసి, చైనీయులు పెట్టుకున్న సుమారు 200 దరఖాస్తులు తోసిపుచ్చారు. మిగతావాళ్లవి ఒక్కటి తప్ప అన్నీ ఒప్పుకున్నారు. 1886లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

చట్టం చేయగలిగిన మేలు కూడా ఈ ఇళ్ల దాకా రాలేదు. 1908లో ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించిన రోజుకు పది గంటల పని పరిమితి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లది. ఇంటి తొట్టి దగ్గర ఉతికే ఆమెకు యజమానే లేడు, పరిమితి ఎవరికి పెడతారు? 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం కూడా ఇంటి పనివాళ్లను పక్కన పెట్టింది.

ఆ పని అంతరించిందన్న మాటా పూర్తిగా నిజం కాదు. మిసిసిపీలోని హాటిస్‌బర్గ్‌లో ఒసియోలా మెకార్టీ అనే ఆవిడ ఇతరుల బట్టలు చేత్తో ఉతికి బతికింది. మెషీన్ వాడి చూసి, ఉతుకు బాగోలేదని వదిలేసింది. కీళ్లనొప్పులతో చేతులు ఆగిపోయేదాకా, అంటే 1994 వరకు పని మానలేదు. మరుసటి ఏడాది తన పొదుపులోంచి లక్షా యాభై వేల డాలర్లు అక్కడి విశ్వవిద్యాలయానికి రాసిచ్చినప్పుడు దేశమంతా ఆవిడ పొదుపును మెచ్చుకుంది. మెషీన్ వచ్చి దశాబ్దాలైనా ఆవిడకు మూటలు ఎందుకు వస్తూనే ఉన్నాయని మాత్రం ఎవరికీ తోచలేదు.

యాప్‌ల తొలి దఫాను త్వరగా దాటేయొచ్చు. 2013లో మొదలైన వాషియో వంటివి బట్టలు తీసుకెళ్లి వేరే లాండ్రీలకు ఇచ్చేవి. 2016లో వాషియో మూతపడింది. సడ్‌షేర్ పని మళ్లీ ఇళ్లకు తెచ్చింది. మెషీన్, నీళ్లు, కరెంటు, సబ్బు, కారు పెట్రోలు అన్నీ ఉతికేవాళ్లవే. కంపెనీది యాప్. మొదట్లో సాధారణ ధర పౌండుకు ఒక డాలరు, అందులో ముప్పావు వంతు ఉతికినవాళ్లకు.

అట్లాంటా స్త్రీలు అడిగింది పౌండుకు ఎనిమిది సెంట్ల చిల్లర. ధరల సూచీ ప్రకారం అది నేటి రెండున్నర డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఇంత పొడుగు కాలానికి సూచీలు మోటు కొలతలేనని తెలుసు. పైగా అది అడిగిన ధర, దక్కిన ధర కాదు. మెషీన్ చాకిరీని బాగా తగ్గించిందన్నదీ ఒప్పుకోవాల్సిందే. అయినా 75 సెంట్లలోంచి ఖర్చులు పోగా మిగిలేదాన్ని ఈ అంకె పక్కన పెట్టి చూడకుండా, పొరుగువాళ్లకు కొత్త ఆదాయమని చాటే మాటలు నాకు రుచించవు.

మేలు లేదని కాదు. పసిపిల్లల్ని వదిలి బయటకు వెళ్లలేని తల్లికి ఇంటిపట్టున పని దొరకడం 1881లో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే. శంకించే కౌన్సిలర్ స్థానంలో నక్షత్రాల రేటింగ్ వచ్చింది. ఒక రకంగా అది మెరుగే, చర్మం రంగు చూసి జరిమానా వేయదు. కానీ ఈ ఉతికేవాళ్లు చట్టం దృష్టిలో స్వతంత్ర కాంట్రాక్టర్లు. కనీస వేతనం వర్తించదు. స్వతంత్రులైనవాళ్లు ధర తామే చెప్పాలి కదా, ఇక్కడ అదీ లేదు. ఒకే వీధిలో ఇద్దరు ఈ పని చేస్తున్నా ఒకరి సంగతి మరొకరికి తెలియనక్కర్లేదు. అట్లాంటాలో ఆ ఇరవై మంది చర్చిలో కూడగలిగింది ఒకరికొకరు తెలియబట్టే. సంచి ఎత్తిన దగ్గర్నుంచి మడత పెట్టి గుమ్మంలో దించేదాకా పట్టే గంటలన్నీ లెక్కగట్టి, ఖర్చులు తీసేసి, గంటకు ఎంత మిగిలిందో ఈ కంపెనీలు బయటపెట్టే వరకు ఆ అదనపు ఆదాయం మాటను నేను ప్రకటన కిందే జమకడతాను.