హెడ్‌సెట్ ఇంటికొచ్చిన దారి

2020 మార్చి 13 దాకా మన దేశంలో కాల్ సెంటర్ ఉద్యోగి ఇంట్లో కూర్చుని కస్టమర్ ఫోన్ ఎత్తాలంటే, కంపెనీ ముందుగా టెలికాం శాఖకు కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. మామూలు ఇంటర్నెట్ పనికిరాదు. లైసెన్సున్న ఆపరేటరు వేసిన ప్రత్యేక వీపీఎన్ ఉండాలి, ఏ ఇంటికి వేస్తున్నారో ముందే రాసివ్వాలి. ఈ నిబంధన ఒకటుందని మా కాల్ సెంటర్ ఫ్లోరు మీద ఎవరూ అనగా నేను వినలేదు. ఇంటి నుంచి చేస్తామని అడిగిన వాళ్లకు మేనేజర్లు చెప్పే కారణం వేరు: "ఇంట్లో కూర్చుంటే మీరు పనిచెయ్యరమ్మా, టీవీ చూస్తారు." పురిటి సెలవు అయిపోయి, పసిబిడ్డను వదిలి రాత్రి షిఫ్టుకు రాలేక రాజీనామా రాసిన ఆడపిల్లలకూ ఇదే జవాబు. అప్పట్లో నేను ఏజెంటుని, తర్వాత టీమ్ లీడర్‌ని, అంటే టీఎల్‌ని, ఇప్పుడు క్వాలిటీలో కాల్స్ విని మార్కులు వేసేదాన్ని. వాళ్లు చెప్పింది సగమేనని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మిగతా సగం ఐఎస్‌డీ డబ్బు. 2002 మార్చి ఆఖరు దాకా విదేశాలకు ఫోన్ కలిపే హక్కు ఒక్క విదేశ్ సంచార్ నిగమ్‌దే. బూత్‌లో మీటరు ఎర్రంకెలు పరుగెడుతుంటే అమెరికాలో ఉన్న అన్నతో "సరే పెట్టేస్తున్నా" అని మధ్యలో ఆపేసిన తరం మాది. కాల్ సెంటర్లకేమో అద్దెకు తీసుకున్న లీజ్డ్ లైను మీద అమెరికా కాల్స్ వరసపెట్టి వచ్చి పడతాయి. ఆ లైను చివరను ఎవరైనా ఊళ్లో ఫోన్లకు అతికించారంటే ఐఎస్‌డీ బిల్లు లేకుండానే ఐఎస్‌డీ కాల్ మాట్లాడేయొచ్చు. ఖజానాకు అదీ భయం. అందుకే 1999 నాటి కొత్త టెలికాం విధానం కాల్ సెంటర్లను 'అదర్ సర్వీస్ ప్రొవైడర్' అనే ఖానాలో వేసింది. ఫలానా చిరునామాలో ఫలానా సెంటరు అని రిజిస్టరు చేయించాలి. మా బద్ధకం మీద అనుమానం కన్నా ముందు ఆ తీగ మీద అనుమానంతో కట్టిన గోడలవి.

పనికి మాత్రం గోడలతో పని లేదు. 1973లో రాక్‌వెల్ సంస్థ కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ కోసం ఒక యంత్రం తయారుచేసింది. వచ్చిన కాల్స్‌ను వరసలో నిలబెట్టి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు పంచడం దాని పని. ఇవాళ్టికీ మా బతుకంతా ఆ వరసే. ఖాళీగా ఉన్న చెవి ఏ ఊళ్లో ఉందో యంత్రానికి పట్టదు. ఆ కిటుకు ముందే కనిపెట్టినవాడు డేవిడ్ నీల్‌మన్. 2000లో ఆయన జెట్‌బ్లూ విమానాలు మొదలుపెట్టినప్పుడు టికెట్ల బుకింగ్‌ను సాల్ట్ లేక్ సిటీలోని ఇళ్లకే అప్పగించాడు. అక్కడ ఫోన్లెత్తిన వాళ్లలో చాలామంది పిల్లల తల్లులు. అంతకుముందు మోరిస్ ఎయిర్‌లో ఉండగా చేసి చూసిన ఏర్పాటే అది. వాళ్లు వంటింటి పక్క గదిలో హెడ్‌సెట్ పెట్టుకున్న ఆ రోజుల్లోనే హైదరాబాదులో మాకోసం అద్దాల మేడలు లేస్తున్నాయి.

1998 నవంబరు 22న వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. గుర్‌గావ్‌లో 1997లో మొదలైన జీఈ క్యాపిటల్ వాళ్ల సేవల విభాగం మన ఊరికీ వచ్చింది. 2005లో జెన్‌పాక్ట్ అని పేరు మార్చుకుంది. ఉప్పల్ వైపు సాయంత్రాలు కంపెనీ బళ్లు బారులు తీరడం అప్పటి నుంచే. డిగ్రీ పాసై, ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడగలిగితే చాలు. నా మొదటి జీతం మా నాన్న ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత తెచ్చే జీతానికి దగ్గర్లో ఉంది. ఆ నెల ఇంట్లో ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడలేదు.

శిక్షణలో యాభై రాష్ట్రాల పేర్లు, నాలుగు టైమ్ జోన్లు, బేస్‌బాల్ మాటలు, అన్నిటికన్నా ముందు ఒక దొంగపేరు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. వాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారాలు జరిపినప్పుడల్లా మా షిఫ్టు, మా అన్నం, కాలనీ వాచ్‌మన్ గేటు తీసే వేళ అన్నీ గంట జరిగేవి.

కానీ ఈ ఉద్యోగానికి మన ఇళ్లలో తలుపు తెరిచింది జీతం ఒక్కటే కాదు, క్యాబ్ కూడా. ఆ రోజుల్లో సుమో, క్వాలిస్. ఆంధ్రప్రదేశ్ షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ప్రకారం అప్పట్లో ఆడవాళ్లను రాత్రి 8.30 తర్వాత పనిలో ఉంచకూడదు. ఐటీ, కాల్ సెంటర్లకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన వీధి ఒప్పుకోదు కదా. రాత్రి కారెక్కి పొద్దున దిగే పిల్ల గురించి మా నల్లకుంట గల్లీలో ఏమనుకోవాలో అదే అనుకున్నారు. మా ఇంట్లో నా పక్షాన నిలబడింది మా మేనత్త. సికింద్రాబాద్‌లో ట్రంక్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ కాల్స్ కలిపిన చెయ్యి ఆమెది. "దానికి కంపెనీ బండి ఇంటిముందుకొస్తోందిరా. నేను సాయంత్రం డ్యూటీ దిగి ఆఖరి బస్సు కోసం ఒక్కదాన్నే నిలబడేదాన్ని, అప్పుడెవరైనా అడిగారా?" అని మా నాన్నను నిలదీసింది. ఆయన అక్కకు ఏనాడూ ఎదురు చెప్పలేదు.

2005 డిసెంబరులో బెంగళూరులో కాల్ సెంటర్‌కు వెళ్తున్న ఒక ఉద్యోగినిని క్యాబ్ ఎక్కించుకున్నవాడే చంపేశాడు. ఆ తర్వాత మా దగ్గరా పద్ధతులు బిగుసుకున్నాయి. మొదటి పికప్, ఆఖరి డ్రాప్ ఆడపిల్లది కాకూడదు, అయిందంటే బండిలో గార్డు ఉండాలి. నాచారం నుంచి మల్కాజిగిరి మీదుగా గార్డు కోసం చుట్టూ తిప్పి తెల్లారగట్ల దించేవాళ్లు. నిద్రలో గంట పోయేది. అయినా ఆ గంట గురించి నేను గొణగలేదు.

ఫ్లోరు గురించి పిల్లలకు చెబితే జైలు కథలా వింటారు. ఫోను లాకర్లో, పెన్ను కాగితం లోపలికి రాకూడదు, ఎందుకంటే కస్టమర్ కార్డు నంబర్లు చదువుతాడు. బాత్‌రూమ్‌కు వెళ్లినా ఆక్స్, అంటే విరామం మీట, కొట్టాలి, అది నిమిషాల లెక్కకెక్కుతుంది. ఇదంతా నిజమే. ఒహాయో నుంచి ఒక పెద్దాయన బండబూతులు తిడుతుంటే పక్క సీటు అమ్మాయి మ్యూట్ నొక్కించి, "విననీ, అలసిపోతాడు, అప్పుడు ఆర్డర్ నంబరు అడుగు" అని చెవిలో చెప్పిందే, అదీ నిజమే. ఈ పని మేము నేర్చుకున్నది శిక్షణ గదిలో కన్నా పక్క సీట్ల నుంచి. అర్ధరాత్రి ఒంటిగంటకు క్యాంటీన్లో అన్నం, కరెంటు పోతే జనరేటరు, వెన్ను పట్టేస్తే మార్చి ఇచ్చే కుర్చీ, వీటికి డబ్బులవుతాయని అప్పట్లో మాకు తోచనేలేదు. 2010 వచ్చేసరికి వాయిస్ పని పెద్ద ఎత్తున ఫిలిప్పీన్స్‌కు జారింది, మా వరసలో కుర్చీలు కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాయి. తర్వాత బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, తిండి తెచ్చే యాప్‌ల తెలుగు, హిందీ ప్రాసెస్‌లతో నిండాయి. వాటిలో జీతం తక్కువ, తిట్లు మాత్రం మనకు బాగా అర్థమయ్యేవి.

ఇక 2020 మార్చి. 13న టెలికాం శాఖ ఆ గ్యారంటీనీ ప్రత్యేక వీపీఎన్ నిబంధననూ ఏప్రిల్ 30 వరకు సడలించింది. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఆ వారం మనుషుల్ని మోసిన బళ్లలోనే మానిటర్లు, సీపీయూలు ఎక్కించారు. ఒళ్లో కీబోర్డు, కాళ్ల దగ్గర యూపీఎస్ పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు వెళ్లిన పిల్లలున్నారు; హాస్టలు మూసేస్తే అదే సరంజామాతో జగిత్యాలకూ తునికీ చేరారు. సడలింపు మళ్లీ మళ్లీ పొడిగించారు. 2020 నవంబరు 5న కొత్త మార్గదర్శకాలొచ్చి రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ రెండూ పోయాయి. 2021 జూన్ 23న దేశీయ సెంటరు, అంతర్జాతీయ సెంటరు అన్న తేడా కూడా తీసేశారు. ఇరవయ్యేళ్లు కుదరదన్నది మూడు వారాల్లో కుదిరింది. టీవీ చూస్తారన్న మేనేజర్లే జూమ్‌లో చప్పట్లు కొట్టారు.

క్వాలిటీలో ఉన్నాను కాబట్టి ఆ మార్పు నాకు చెవుల్లోకి వచ్చింది. రికార్డింగుల్లో కుక్కర్ విజిలు, కోడికూత, గుళ్లో మైకు, ఆకుకూరలమ్మి కేక. బ్యాక్‌గ్రౌండ్ శబ్దానికి మార్కులు కొయ్యాలని నిబంధన. మొదటి నెలల్లో నేను కోయలేదు. అవతల కస్టమర్ ఇంట్లో కూడా పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు.

మేలు పొందిన వాళ్లను నేను పేరుపేరునా ఎరుగుదును. పెళ్లై కోనసీమ వెళ్లి మానేసిన మా పాత టీఎల్ తిరిగొచ్చింది. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగా వాళ్ల వీధి దాకా వచ్చి ఉండబట్టి సాధ్యమైంది. పోలియో వచ్చిన కుర్రాడొకడు, అంతకుముందు ఇంటర్వ్యూ దాటి కూడా క్యాబ్ ఎక్కిదిగే దగ్గర ఆగిపోయినవాడు, ఇప్పుడు మా ప్రాసెస్‌లో స్కోర్లన్నిటికీ పైనుంటాడు. శ్రీకాకుళం కస్టమర్ తన యాసలో ఏదైనా అంటే హైదరాబాద్ ఫ్లోరు మీద ముఖాలు చూసుకునేవాళ్లు; పలాసలో కూర్చున్న ఏజెంటుకు అది ఇంటి మాట. గది అద్దె మిగిలింది, ప్రయాణం తప్పింది. వీధి నోరు కూడా మూతపడింది, ఎందుకంటే రాత్రి ఎవరూ కారెక్కడం లేదు.

నష్టం నెమ్మదిగా తేలింది. రాత్రంతా మాట్లాడి పొద్దున పడుకోబోతే మా అత్తయ్య, "ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా, గ్యాస్ వాడొస్తే కాస్త చూడు" అంటుంది. ఆమె తప్పు లేదు. ఆఫీసుకెళ్లిన కోడలికి నిద్ర కావాలని ఆమెకు తెలుసు. గదిలోంచి బయటికొచ్చిన కోడలు ఎక్కడికి వెళ్లొచ్చినట్టు? కొత్తగా చేరిన పిల్లలు తిట్టించుకుని చాట్‌లో ఒక ఏడుపు బొమ్మ పెడతారు. పక్క సీటు లేదు, మ్యూట్ నొక్కమని చెప్పేవాళ్లు లేరు. అందుకే మొదటి ఏడాదైనా ఫ్లోరు మీద గడపాలంటాను. జూనియర్లు నన్ను ముసలమ్మనంటారు. కెమెరా గొడవ ఇంకోటి. 2021లో కొలంబియాలో ఒక పెద్ద కాల్ సెంటర్ సంస్థ ఉద్యోగుల ఇళ్లలో కెమెరాలకు సమ్మతి పత్రాలు రాయించుకుంటోందని వార్త వచ్చింది. ఇక్కడ మా కార్డుల ప్రాసెస్‌లోనూ వెబ్‌క్యామ్ తెరిచే ఉంచాలి. వెనకాల చీర మార్చుకునే వదిన ఉంటుందని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి తోచి ఉండదు.

క్యాబు, క్యాంటీను, జనరేటరు ఖర్చులు కంపెనీ పుస్తకంలోంచి చెరిగిపోయి మా కరెంటు బిల్లులోకి, ఇన్వర్టర్ బ్యాటరీలోకి, నడుంనొప్పి మాత్రల్లోకి వచ్చాయి. మా దగ్గర ఇచ్చే ఇంటర్నెట్ భత్యం ఒక్క కనెక్షన్‌కే సరిపోతుంది. లైను తెగితే లాగిన్ పోతుంది కాబట్టి అందరూ రెండు పెట్టుకుంటారు. 2020 డిసెంబరు 31న కేంద్రం సేవారంగానికి నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదా తెచ్చినప్పుడు ఇంటి నుంచి పనికి ఒక క్లాజు పెట్టింది. నియామక షరతులను బట్టి యజమాని అనుమతించవచ్చన్నారు. గది అద్దె, కరెంటు ఎవరివో ఆ క్లాజులో లేదు.

ఇప్పుడు మా ఇంటర్వ్యూ ఆఖరి రౌండులో ఇల్లు కూడా చూస్తాం. "ఫోను తిప్పి గది చూపించమ్మా" అని అడగాలి, తలుపు విడిగా ఉందో లేదో ఫారంలో రాయాలి. మొన్న భద్రాచలం నుంచి ఒకమ్మాయి. ఇంగ్లీషు, ఓపిక, టైపింగ్ మూడూ మా బ్యాచ్‌లో అందరికన్నా మిన్న. ఇల్లు ఒకే గది, అందులో అయిదుగురు. భాషకు నిండా మార్కులు వేశాను, గది దగ్గర 'లేదు' అని రాశాను, ఆఫీస్ బ్యాచ్‌కు సిఫారసు చేశాను. ఆఫీస్ సీటు ఉన్నది హైదరాబాదులో. హాస్టల్ ఖర్చు పోను మిగిలేది ఎంతో ఆ అమ్మాయే లెక్కేసి, రానని మర్నాడు మెయిల్ పెట్టింది.