మోటారు రొద - తీగల కథ

రేడియోలో వార్తలు వినుచున్నవేళ పొలమున బోరుబావి మోటారు వేసినచో పెట్టెలో ‘టప్పు’మని శబ్దము వినవచ్చుట జనగామ ప్రాంతపు శ్రోతలకు క్రొత్త కాదు. స్టార్టరులో పుట్టిన చిన్న మెరుపు చేయు పని అది. ఈ రొద రేడియోకంటెను పాతది. మొదట టెలిఫోనును పట్టినది.

1876లో బెల్ టెలిఫోనును కనిపెట్టిన తరువాత చాలకాలము మాట ఒంటితీగపై పోయి, భూమిగుండా తిరిగి వచ్చెడిది. విద్యుత్ ట్రాములు వీథుల కెక్కగానే వాని కరెంటు కూడ ఆ భూమినే దారిగా చేసికొని మాటలను మ్రింగివేసినది. దీనికి మందును బెల్ 1881లోనే చెప్పియుండెను: పోవు తీగను, వచ్చు తీగను త్రాడువలె పేనవలెను. అప్పుడు ఒక మెలికలో సోకిన రొద మరు మెలికలో చెల్లిపోవును. ఇంత చౌకయైన వైద్యము ఇంజనీరింగు చరిత్రలో అరుదని మా తలంపు.

మహబూబాబాదు మీదుగా పోవు కాజీపేట-విజయవాడ రైలుమార్గముపై 25,000 వోల్టుల తీగ యున్నది. ఈ పద్ధతిని మన రైల్వేలు 1957లో స్వీకరించినవి. ఇట్టి తీగ ప్రక్కనున్న టెలిఫోను తీగలలోనికి తాకకయే కరెంటును ప్రేరేపించును. అందుచేత ఇట్టి మార్గములలో వార్తాతంత్రులను లోహపు తొడుగు గల కేబుళ్లుగా భూమిలో పాతుదురు.

ఆ 1957లోనే అమెరికాలో థైరిస్టరు సిద్ధమైనది. దాని సంతతియే మోటారు వేగమును కోరినట్లు మార్చు నేటి డ్రైవులు. ఇవి కరెంటును సెకనుకు వేలమారులు తునియలు చేయును. అప్పుడు మోటారుకు పోవు కేబులే ఏరియలు వలె రొదను వెదజల్లును. భూపాలపల్లి చెంత చెల్పూరులో 2010లోను, 2016లోను రెండు యూనిట్లతో వెలసిన కాకతీయ కేంద్రము వంటి విద్యుత్కేంద్రములలో ఆవిరి ఒత్తిడిని, వేడిని తెలుపు సంకేతములు కొద్ది మిల్లీఆంపియర్లు మాత్రమే. వానిలో రొద చేరినచో లేని వేడి కనబడును. నడువవలసిన పంపు ఆగును.

కావున మోటారుకు మూడు తీగలును సమదూరమున నమరి, చుట్టును రాగి కవచమున్న కేబులు కావలెను. కవచమును రెండు కొనలయందును చుట్టంతయు లోహపు పట్టీతో బిగించవలెను. పనివారు దానిని పిలకవలె మెలిపెట్టి ఒక్క మరకు కట్టుట కలదు. అట్లైన కవచపు ఫలము చాలవరకు పోవును. సంకేతములకు కవచము గల పేనిన జంటతీగ. అదియు మోటారు కేబులుకు దూరముగా, దాటవలసివచ్చిన అడ్డముగా. సౌరపంపుల నియంత్రణపెట్టెలోను ఇట్టి డ్రైవే యుండును. బావిలోని నీటిమట్టము తెలుపు తీగను మోటారు కేబులుతో ఒకే గొట్టములో దూర్చిన రైతు, బావిలో నీరుండగనే పంపు నిలిచిపోవుట చూడవలసివచ్చును.