బస్తర్ ప్రళయ గాథలు: సొరబుర్రలో మిగిలిన ఇద్దరు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న కొండసీమల్లోనూ నోటి మాటగా సాగివచ్చిన సృష్టి కథల్లో ఒకటి పదే పదే వినిపిస్తుంది. పాత లోకం నీట మునిగిపోతుంది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఎండిన సొరబుర్రలోనో తొలిచిన చెట్టు మొద్దులోనో తలదాచుకుని బతుకుతారు. నీళ్లు తీశాక భూమ్మీద వాళ్లిద్దరే. ఇప్పుడున్న మనుషులంతా వాళ్ల సంతానమే. మురియా, మాడియా గోండులు, కమార్లు, తూర్పున కోరాపుట్ వైపు గదబలు, బోండోలు ఈ కథను తమ తమ తీరులో చెప్పుకున్నారు. నేడు బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలున్నాయి. కథకు మాత్రం ఈ సరిహద్దులు పట్టవు. దక్షిణాన దోర్లాలు, గోదావరి ఒడ్డు కోయలు ఒకే జనం కాబట్టి ఇది తెలుగువారి పొరుగింటి కథ కూడా.

కథ

అచ్చులోకి వచ్చినవాటిలో వివరంగా ఉన్నది బస్తర్‌కు ఉత్తరాన ధమ్తరీ, గరియాబంద్, కాంకేర్ అడవుల్లో ఉండే కమార్ల కథ. తనకు కోపం తెప్పించిన ఒక నక్కను ముంచాలని మహదేవుడు జలప్రళయం పంపుతాడు. ఆ సంగతి ముందే విన్న ఒక ముసలి జంట, లేకలేక పుట్టిన తమ కొడుకునీ కూతురినీ చెట్టు బోదె తొర్రలో పెట్టి, తిండిగింజలు సర్ది, మూత బిగిస్తారు. పన్నెండేళ్లు నీళ్లు తగ్గవు. ముసలివాళ్లతో సహా సమస్తమూ మునిగిపోతుంది. నక్క చచ్చిందో లేదో చూసి రమ్మని దేవుడు రెండు పక్షులను పంపుతాడు. అవి నాలుగు దిక్కులూ తిరిగి, ఎక్కడా వాలే చోటు లేక, తేలుతున్న మొద్దు మీద వాలతాయి. లోపలి నుంచి నీరసంగా మాటలు వినిపిస్తాయి: ఇంకా మూడు రోజులకే తిండి ఉందని పిల్లలు ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. పక్షులు ఎగిరిపోయి కబురు చెబితే మహదేవుడు నీళ్లు దించి, ఇద్దరినీ బయటికి తీసి, పెంచి పెళ్లి చేస్తాడు. వాళ్లకు పుట్టిన ఒక్కో బిడ్డకు ఒక్కో కులం పేరు పెడతాడు.

పసివాళ్లుగా మొద్దులోకి వెళ్లినవాళ్లు పన్నెండేళ్ల తర్వాత ఈడొచ్చిన పిల్లలై బయటపడ్డారు. వాళ్ల ఎదుగుదల చాలావరకు ఆ చీకటిలోనే జరిగింది. ఈ లెక్క కథ పైకి చెప్పదు, కానీ చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు.

బస్తర్ నుంచి కోరాపుట్ దాకా వినిపించే మరో రకంలో మొద్దు బదులు సొరబుర్ర ఉంటుంది. కష్టం నీళ్లు తీశాక మొదలవుతుంది. మనుషులు మళ్లీ పుట్టాలంటే ఈ ఇద్దరూ ఒకటి కావాలి. కానీ వాళ్లు తోబుట్టువులు, వరస కుదరదు. దేవుడు అడిగినా ససేమిరా అంటారు. అప్పుడు ఇద్దరికీ అమ్మవారు పోస్తుంది. మశూచి మచ్చలతో ముఖాలు మారిపోతాయి. చెరో దారిన తిరిగి మళ్లీ ఎదురుపడినప్పుడు ఒకరినొకరు గుర్తుపట్టరు. ఎవరో పరాయి మనిషి అనుకుని ఇష్టపడతారు, పెళ్లాడతారు. బిడ్డలను వరసపెట్టి పొట్టన పెట్టుకునే రోగం ఈ కథలో మనుషుల జాతిని నిలబెడుతుంది. ఆ రోగం ఊళ్లను ఖాళీ చేస్తున్న కాలంలో, దాన్ని దేవతగా కొలిచిన జనం అల్లిన మలుపు ఇది. మశూచి భారతదేశంలో 1975 దాకా ఉంది.

బుర్ర, మొద్దు

పడవకు బదులు సొరకాయ ఎందుకు అన్నదానికి జవాబు బస్తర్ సంతకు వెళ్తే దొరుకుతుంది. తీగ మీదే ముదిరి ఎండిన సొరకాయకు మెడ దగ్గర చిన్న బెజ్జం చేసి, లోపలి గుజ్జూ గింజలూ తీసేస్తే నీళ్లు చొరని గట్టి పాత్ర తయారవుతుంది. అక్కడ దాన్ని తుంబా అంటారు. పొలానికి వెళ్లేటప్పుడు చోడి అంబలి, పండగకు కల్లు, ఇంట్లో విత్తనాలు అందులోనే. పైకి కాల్చిన కత్తితో గీతలూ బొమ్మలూ వేస్తారు. భద్రాచలం మన్యంలో కోయలు భుజానికి తగిలించుకునే బుర్ర కూడా ఇదే. నీళ్ల మీద తేలుతుంది, గింజను తడవనివ్వదు, అంబలిని చల్లగా ఉంచుతుంది. వరద నుంచి ప్రాణాలు కాపాడే పాత్రను ఊహించుకోవలసి వస్తే ఆ ఇంటి మనిషికి ముందు తట్టేది అదే. తొలిచిన మొద్దు కూడా అంతే. ఒకే చెట్టు బోదెను తొలిచి చేసిన దోనెల మీదే వానాకాలంలో ఇంద్రావతి దాటేవాళ్లు.

సేకరణ చరిత్ర

ఈ కథలు కాగితం మీదికి రావడం 19వ శతాబ్దంలో మొదలైంది. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ గోండుల ఆదిగురువు లింగో గాథను రాసుకున్నాడు. 1863లో వాగు దాటుతూ నీటిలో మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. అందులోనూ వరద ఉంది. లింగో వెంట నడిచిన గోండుల్లో నలుగురు పొంగిన ఏటికి ఇవతలే చిక్కుకుపోతారు. మొసలి వాళ్లను దాటిస్తానని ఎక్కించుకుని ముంచబోతే తాబేలు ఒడ్డు చేరుస్తుంది. తాబేలుకు హాని చేయబోమని వాళ్లు అక్కడే బాస చేస్తారు.

కమార్ల కథ ఆర్.వి. రస్సెల్, రాయ్ బహదూర్ హీరాలాల్ కలిసి 1916లో ప్రచురించిన మధ్య పరగణాల కులాలు, తెగల గ్రంథంలో చేరింది. రెండేళ్లకే జేమ్స్ ఫ్రేజర్ దాన్ని ప్రపంచ ప్రళయ కథల పట్టీలోకి ఎక్కించాడు. బస్తర్ సంస్థానంలో పరిపాలనాధికారిగా పనిచేసిన విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల మీద పుస్తకం తెచ్చాడు. అందరికంటే ఎక్కువ కథలు పోగుచేసినవాడు వెరియర్ ఎల్విన్. 1940లలో ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం దగ్గర మకాం పెట్టి, ఊరూరా తిరిగి, మురియాల యువజన గృహమైన ఘోటుల్ మీద 1947లో, మధ్య భారత పురాణ కథల మీద 1949లో పెద్ద గ్రంథాలు వెలువరించాడు. కథలన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. చెప్పినవాళ్ల గోండీ మాట, హల్బీ మాట ఆ పుటల్లో లేవు. ఆ శ్రమకు ఎంత రుణపడి ఉన్నా ఈ లోటు చిన్నది కాదు.

ఘోటుల్

ప్రళయ గాథ లేవనెత్తిన ప్రశ్న ఒకటే: ఇష్టపడ్డ మనిషి తనకు ఏ వరస అవుతారు? బస్తర్ గోండుల సమాజం మొత్తం ఈ ప్రశ్న చుట్టూ కట్టుకున్నదే. గోత్రాలన్నీ రెండు పక్షాలు. దాదాభాయి పక్షం వాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్లతో పెళ్లి కుదరదు. అకోమామ పక్షం వాళ్లు వియ్యానికి పనికొచ్చేవాళ్లు. మేనరికం తెలిసిన తెలుగు ఇంటికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బుర్రలోంచి బయటపడ్డ ఇద్దరికి లేనిది ఈ రెండో పక్షమే.

కొండగావ్, నారాయణ్‌పూర్ వైపు మురియాల ఊళ్లలో పెళ్లికాని యువతీయువకులు సాయంత్రం చేరే ఇల్లు ఘోటుల్. అబ్బాయిలు చేలిక్‌లు, అమ్మాయిలు మోటియారీలు. లోపల అడుగు పెట్టాక సిర్దార్, బెలోసా లాంటి కొత్త పేర్లు వస్తాయి. ఊడవడం, కట్టెలు తేవడం, పెళ్లికీ చావుకూ ఊరి పనికి నడుం కట్టడం, పాట, ఆట అన్నీ అక్కడే నేర్చుకోవాలి. దాన్ని నెలకొల్పినవాడు లింగో పేన్ అని, ఆయన పద్దెనిమిది వాద్యాలు ఒకేసారి వాయించేవాడని మురియాల నమ్మకం. ఇష్టాన్ని తెలిపే కానుక చెక్క దువ్వెన. అబ్బాయి కూర్చుని కర్రను చెక్కి, పళ్లు కోసి, పిడి మీద గీతలు తీర్చి ఇస్తాడు. అమ్మాయి దాన్ని కొప్పులో దోపుకుంటుంది. ఆమె తలలో ఎన్ని దువ్వెనలుంటే అంత గొప్ప.

చాలామంది ఇష్టం అక్కడే ఆగిపోయేది. పెళ్లి పెద్దలు కుదిర్చిన చోటే జరిగేది, పెళ్లయిన రోజుతో ఘోటుల్‌కు సెలవు. ఆ విడిపోవడాన్ని పాడుకునే పాటలు ఎల్విన్ ఎన్నో రాసుకున్నాడు. బయటివాళ్లు ఘోటుల్‌ను చూసిన చూపు మాత్రం చాలాకాలం వెకిలిగానే ఉంది. ఎల్విన్ దాన్ని ప్రేమగా చూశాడు, కొంత మురిపెంగా కూడా. మానవశాస్త్రవేత్త సిమరన్ గెల్ 1992లో ప్రచురించిన అధ్యయనంతో ఆ చిత్రానికి మరో కోణం వచ్చింది. బడి హాస్టళ్లు పెరిగి, 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వా జుడుం రోజుల్లో ఊళ్లు చెదిరిపోయి, చాలాచోట్ల ఆ ఇళ్లు మూతపడ్డాయి.

ఇతర ప్రళయ కథలతో పోలిక

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథలో ఓడ ఎక్కేది సత్యవ్రతుడనే రాజు. సప్తర్షులూ సమస్త బీజాలూ ఆయనతో ఉంటాయి. దారి చూపడానికి విష్ణువే చేప అవుతాడు. బస్తర్ పిల్లలకు అంత బలగం లేదు. వాళ్లను దాచినది తల్లిదండ్రులు, పైన వాలినవి పిట్టలు. సంతాలుల కథ దీనికి దగ్గర. పిల్చు హాడం, పిల్చు బూఢీ తోబుట్టువులుగానే మొదటి దంపతులు. దక్షిణ చైనాలో మియావో జనం నుంచి ఆగ్నేయాసియా కొండల దాకా సొరకాయలో మిగిలిన అన్నాచెల్లెళ్ల కథ ఉంది. గదబ, బోండో భాషలు ఆగ్నేయాసియా భాషలకు చుట్టాలు కాబట్టి కథ కూడా ఆ దారినే వచ్చి గోండుల నోట చేరి ఉండవచ్చన్న ఊహ కొట్టిపారేయదగ్గది కాదు.

నీటి అంచున

ఈ కథ చెప్పుకున్న నేలకు వరద కొత్త కాదు. ఒడిశాలో కొలాబ్ అనిపించుకునే శబరి సుక్మా జిల్లా కోంటా మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి ముందుకు పోలేక వెనక్కి తన్ని, కోంటా చుట్టూ ఉన్న దోర్లా ఊళ్లను ముంచుతుంది. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. 150 అడుగుల పూర్తి మట్టంతో కడుతున్న పోలవరం జలాశయం ముంపు మీద ఛత్తీస్‌గఢ్, ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

గోండీ, హల్బీ, భత్రీ భాషల్లో ప్రాథమిక పాఠాలు చెప్పిస్తామని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో ప్రకటించింది. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ హల్బీలో గురుమాయిలనే గాయనులు పాడే జగార్ గాథలను పాడినవాళ్ల మాటల్లోనే అచ్చు వేయించి దారి చూపాడు. సొరబుర్ర కథకు అటువంటి పని జరగాలి. దోర్లీ మాటనూ తెలుగు మాటనూ కలిపి వినగలిగినవాళ్లు చింతూరు, కూనవరం, భద్రాచలం వైపు ఉన్నారు. ముంపు ఊళ్లు ఖాళీ అయి, చెప్పే పెద్దలు చెల్లాచెదురు కాకముందే వాళ్లు రికార్డు చేయవలసిన కథ ఇది.